ఇంటి వంశవృక్షం రాయాలంటే: పేర్ల కంటే ముందు వరసలు తెలుసుకోండి

కొత్త నోట్‌బుక్ కొంటాం. మొదటి పేజీ పైన తాత పేరు రాసి కింద గీతలు గీస్తాం. రెండో పేజీకి వచ్చేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో తేలని గజిబిజి తయారవుతుంది.

నా పుస్తకంలో మొదటి తప్పు కంచరపాలెంలో పడింది. మా నాయనమ్మ చెల్లెలు, 80 దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. "నేను కడుపులో ఉండగా మా బాబు రంగం వెళ్ళాడు. మరి రాలేదు" అంది. చివరి మాటలే చెవిన పడ్డాయి నాకు. ఆమె పేరు కింద గీత గీసి 'కొడుకు, రంగూన్ వెళ్ళి తిరిగి రాలేదు' అని రాసేశాను. వాళ్ళమ్మాయి, నాకు అత్త వరస, వెనక నుంచి పుస్తకంలోకి తొంగి చూసి "అమ్మకి కొడుకులెక్కడున్నారే? బాబంటే వాళ్ళ నాన్న" అంది. విశాఖ చుట్టుపక్కల పాత తరంలో చాలా ఇళ్ళలో బాబు అంటే కన్నతండ్రే. ఆ ఒక్క మాట తెలియక ఒక మనిషిని రెండు తరాలు కిందికి దింపేశాను.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి అందుకే ముందు మాటల సంగతి చెబుతాను.

మొదటి పని: మీ ఇంటి మాటల పట్టిక

పుస్తకంలో మొదటి రెండు పేజీలు పేర్లకి వాడకండి. మీ ఇంట్లో ఏ పిలుపు ఎవరికో అక్కడ రాయండి. బాబు, అయ్య, నాన్న వీటిలో తండ్రిని ఏమంటారు? నాయనమ్మని మామ్మ అంటారా, బామ్మ అంటారా? తాత అన్నప్పుడు సొంత తాతేనా, తాత తమ్ముడు కూడానా? ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళు పెదనాన్నని కూడా నాన్న అనే పిలుస్తారు, కన్నతండ్రిని బాబాయి అని పిలిచేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో "పెద్దతాత", "ఎర్రతాత", "షాపు తాత" అని వినిపించిన పిలుపుల్ని కూడా వదలకండి. వాటి వెనక అసలు పేరు ఎవరికో ఒకరికి గుర్తుంటుంది.

కన్నవారు అనే మాట కింద ప్రత్యేకంగా ఒక గీత పెట్టుకోండి. మనవైపు ఆడవాళ్ళు "కన్నోరింటికెళ్ళాను" అంటే పుట్టింటికి వెళ్ళానని. వేరే జిల్లాల్లో పెరిగిన పిల్లలు దాన్ని తల్లిదండ్రులు అని మాత్రమే అర్థం చేసుకుంటారు. కానీ ఆ మాటలో ఒక ఊరు ఉంటుంది, ఒక ఇంటిపేరు ఉంటుంది. ముసలమ్మ ఎవరైనా ఆ మాట అన్నప్పుడల్లా ఆగి "ఏ ఊరు? వాళ్ళ ఇంటిపేరేంటి?" అని అడగండి.

పైకి వెళ్ళే మాటలు, కిందికి దిగే మాటలు

నాన్న, తాత, ముత్తాత. ఇక్కడిదాకా దాదాపు అందరికీ ఒకటే. తాత తల్లి, నాయనమ్మ తల్లి తాతమ్మ. ఆపైకి వెళ్ళేకొద్దీ పిలుపులు ఇంటింటికీ మారిపోతాయి కాబట్టి పిలుపు రాయకుండా 'ముత్తాత తండ్రి' అని విడమర్చి రాయండి. పక్కన అంకె కూడా వేసుకోండి: మీరు సున్నా, అమ్మానాన్నలు పైన ఒకటి, తాతలు రెండు, ముత్తాతలు మూడు.

మనవడు అన్న మాటలో ఒక ఇబ్బంది ఉంది. కొడుకు కొడుకూ మనవడే, కూతురి కొడుకూ మనవడే. సంస్కృతంలోంచి తెచ్చుకున్న మాటలు ఈ తేడా చెబుతాయి: కొడుకు కొడుకు పౌత్రుడు, కూతురి కొడుకు దౌహిత్రుడు, కొడుకు కూతురు పౌత్రి, కూతురి కూతురు దౌహిత్రి. పాత శుభలేఖల్లో ఈ మాటలు కనిపిస్తాయి. "కీ.శే. ఫలానా వారి పౌత్రుడు, ఫలానా వారి దౌహిత్రుడు, ఫలానా వారి ద్వితీయ పుత్రుడు" అని ఉంటే ఆ మూడు ముక్కల్లో తండ్రి తండ్రి, తల్లి తండ్రి, తండ్రి ముగ్గురూ దొరికినట్టే. ద్వితీయ అన్నారంటే ఆయన పైన ఇంకో అన్న ఉన్నాడని కూడా తెలుస్తుంది. బీరువా అడుగున ఉన్న పసుపు మరకల కార్డుని అందుకే పారేయనివ్వకండి. మీ పుస్తకంలో మాత్రం 'కొడుకు కొడుకు', 'కూతురి కొడుకు' అని రాస్తే చాలు, పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది.

ఎవరి వైపు?

తెలుగులో వరస మాట చెప్పగానే చాలాసార్లు మనిషి ఏ వైపో, పెద్దో చిన్నో తెలిసిపోతుంది. పెదనాన్న అంటే నాన్నకి అన్న, బాబాయి అంటే నాన్నకి తమ్ముడు. అయితే పెద్దమ్మ భర్తా పెదనాన్నే, పిన్ని భర్తా బాబాయే, అక్కడ మాత్రం అడిగి తేల్చుకోవాలి. నాన్న అక్కచెల్లెళ్ళు మేనత్తలు, అమ్మ అన్నదమ్ములు మేనమామలు. ఇంత స్పష్టమైన మాటలు చేతిలో ఉండగా పుస్తకంలో అంకుల్, ఆంటీ, కజిన్ అని రాయకండి. పెదనాన్న కొడుకు మీకు అన్నో తమ్ముడో అవుతాడు, మేనమామ కొడుకు బావో బావమరిదో అవుతాడు. కజిన్ అంటే ఇద్దరూ ఒక గాటన కట్టేసినట్టే. పదేళ్ళ తర్వాత మీ రాత మీకే అర్థం కాదు.

పేరు తెలిసి చుట్టరికం తెలియనప్పుడు మన పెద్దవాళ్ళు వాడే ప్రశ్నే వాడండి: "నీకు ఏం వరస?" ఆ తర్వాత "ఎలా?" అని తప్పకుండా అడగాలి. "బావ వరస" అని ఊరుకుంటే అది రక్తసంబంధమో, పెళ్ళి వల్ల వచ్చిందో, ఊరి వరసో తెలియదు. ఊరి వరసలు మనవైపు ఎక్కువ. వీధిలో మూడు తరాలు పక్కపక్కన ఉన్నవాళ్ళు అన్న, బావ అని వరసలు కలుపుకుంటారు. వాళ్ళని చెట్టులోకి ఎక్కించకండి, కానీ వాళ్ళ పేరు వేరే పేజీలో రాయండి. మీ ముత్తాత ఎలా ఉండేవాడో చెప్పగలిగేది ఒక్కోసారి వాళ్ళే.

మేనరికం పెళ్ళిళ్ళ దగ్గర చెట్టు చిక్కుపడుతుంది. మేనత్త కొడుకుని చేసుకున్న అమ్మాయికి అత్తగారూ మేనత్తా ఒకరే. అక్క కూతురిని చేసుకున్న ఇంట్లోనైతే భార్యాభర్తలు వేరు వేరు తరాలవాళ్ళు, తరాల అంకెలు కుదరవు. ఇలాంటి చోట ఒకే మనిషిని రెండు చోట్ల రాసి గందరగోళపడకండి. తండ్రి వైపు నుంచి వచ్చే స్థానంలో ఒక్కసారే రాసి, పెళ్ళిని రెండు గీతలతో కలిపి, పక్కన 'మేనరికం' అని రాయండి. మా పుస్తకంలో అలాంటి జంటలు ఐదు ఉన్నాయి.

వంశం, ఇంటిపేరు, గోత్రం, పాలివాళ్ళు

ఈ నాలుగింటినీ ఒకదానికొకటి వాడేస్తుంటారు. వంశం అంటే ఒక మూలపురుషుడి నుంచి దిగివచ్చిన వాళ్ళందరూ. ఇంటిపేరు అంటే ఆ వంశం బయటికి వేసుకున్న గుర్తు. అది చాలాసార్లు ఒకప్పటి ఊరి పేరే అయి ఉంటుంది, కాబట్టి మీ ఇంటిపేరులో పాలెం, వలస, పూడి లాంటి తోకలు ఉంటే ఆ పేరు గల ఊరు చుట్టుపక్కల ఉందేమో చూడండి. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఒక వంశం అయిపోదు. ఒకే ఊరి పేరు పెట్టుకున్న వేరు వేరు కుటుంబాలు, వేరు వేరు కులాలు కూడా ఉంటాయి.

గోత్రం ఇంకో లెక్క. బ్రాహ్మణ ఇళ్ళలో అది ఋషి పేరుతో వస్తుంది, దానితోపాటు ప్రవర ఉంటుంది: భారద్వాజ గోత్రానికి ఆంగిరస, బార్హస్పత్య, భారద్వాజ అని ముగ్గురు ఋషులు, అందుకే త్రయార్షేయం. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళలో గోత్రం అడిగితే "నాగుల గోత్రం" అంటారు. ఏది చెబితే అది, ఎలా పలికితే అలాగే రాసుకోండి, సరిదిద్దకండి. ఒకే గోత్రం వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస అని పెళ్ళి సంబంధాల్లో చూస్తారు కాబట్టి, ఒక పాత పెళ్ళి ఎవరి మధ్య జరిగిందో తేలనప్పుడు గోత్రం పనికొస్తుంది.

పాలివాళ్ళు, దాయాదులు, జ్ఞాతులు మూడూ దగ్గర దగ్గర మాటలు: మగవాళ్ళ వైపు నుంచి ఒక తాతకో ముత్తాతకో పుట్టినవాళ్ళు. పాలు అంటే వాటా, దాయం అన్నా వాటానే. ఆస్తిలో పాలు పంచుకునే వరస కాబట్టి ఆ పేరు. పాలివాళ్ళెవరో తేల్చడానికి ఒక సూటి ప్రశ్న ఉంది: "ముత్తాత పోయినప్పుడు మైల ఎవరెవరికి పట్టింది?" పెద్దవాళ్ళు దీనికి తడుముకోకుండా జవాబు చెబుతారు, పేర్లు వరసగా వస్తాయి.

దత్తత వెళ్ళిన పిల్లవాడికి ఇంటిపేరు, గోత్రం మారతాయి. ఇల్లరికం వెళ్ళిన అల్లుడికి రెండూ మారవు, ఇల్లు మాత్రం మారుతుంది. "వాళ్ళింట్లోనే ఉండేవాడు" అని ఎవరైనా అంటే ఈ రెండింట్లో ఏదో అడగండి. దత్తుడి దగ్గర రెండు గీతలు గీయాలి: కన్న ఇంటి నుంచి చుక్కల గీత, దత్తత ఇంటి నుంచి నిండు గీత.

ఆడవాళ్ళు కనబడకుండా పోకూడదు

ఈ పనిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఎకరాలు, తగాదాలు అన్నీ చెబుతారు. ముత్తాత భార్య పేరు అడిగితే "తాతమ్మే" అంటారు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, కాగితాల్లో 'ఫలానా వారి భార్య' అయింది, రెండు తరాల్లో సొంత పేరు కూడా పోయింది. మనలో ముత్తాత రక్తం ఎంతో ఆమెదీ అంతే కదా.

కాబట్టి ప్రతి స్త్రీ పేరు దగ్గరా మూడు ముక్కలు రాయాలని గట్టిగా పెట్టుకోండి: పుట్టినింటి ఇంటిపేరు, తండ్రి పేరు, కన్నవారి ఊరు. పిలిచే పేరు, అసలు పేరు వేరైతే రెండూ. 'ఏ ఇంటి ఆడపడుచు' అని అడిగితే పాతవాళ్ళు చక్కగా చెబుతారు.

అటక మీది సామాన్లు దించండి. నేను నా రెండో తప్పు సరిదిద్దుకుంది ఒక ఇత్తడి బిందె వల్ల. మనిళ్ళలో గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు ఉంది కదా, మా నాయనమ్మ బిందె మెడ కింద 'అప్పన్న' అని ఉంది. మా తాత తండ్రి పేరూ అప్పన్నే. బిందె ఆయనదే అనుకుని అలాగే రాసుకున్నాను. పేరు ముందు ఇంకో అక్షరం ఉన్నట్టుంది కానీ ఏళ్ళ తరబడి చింతపండు పెట్టి తోమడంతో అరిగిపోయింది. ఒకరోజు పల్చటి కాగితం దాని మీద పరిచి, పెన్సిల్‌ని వాలుగా పట్టుకుని మెల్లగా రుద్దాను. గాడి ఉన్నచోట తెల్లగా మిగిలి అక్షరం పైకి తేలింది. అది మా ఇంటిపేరు అక్షరం కానే కాదు, నాయనమ్మ కన్నవారిది. రంగం వెళ్ళి తిరిగి రాని ఆ బాబు పేరు అప్పన్న! ఆ ఇంట్లో వాడుకున్న బిందెనే కూతురి పెళ్ళికి ఇచ్చి పంపారు. నాయనమ్మ చెల్లెలికి ఆ కాగితం చూపిస్తే చాలాసేపు వేలితో తడుముతూ కూర్చుంది.

అప్పన్నలు ఎంతమందో

విశాఖలో ఈ చిక్కు తప్పదు. సింహాద్రి అప్పన్న పేరు ప్రతి ఇంట్లో తిరుగుతుంది: అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం, వరహాలు. పైడితల్లమ్మ వల్ల పైడిరాజు, పైడమ్మ, నూకాలమ్మ వల్ల నూకరాజు, కనకమహాలక్ష్మి వల్ల కనకమ్మ. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది, ఒకే పేరు తరం విడిచి తరంలో మళ్ళీ వస్తుంది. ప్రతి పేరు పక్కన తరం అంకె, తండ్రి పేరు రాస్తే తప్ప వీళ్ళని విడదీయలేరు. పెద అప్పన్న, చిన అప్పన్న లాంటి పిలుపుల్ని అసలు పేరులో భాగంగానే చూసుకోండి.

పేర్లు దొరికే చోట్లు

తర్పణాలు వదిలే ఇళ్ళలో వెతకాల్సిన పనే తక్కువ. మహాలయ పక్షంలో తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, తాత తల్లి, ఆపైన తల్లి వైపు కూడా మూడు తరాల మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిపి 12 పేర్లు చెప్పాలి. ఎవరో ఒకరి దగ్గర అవి రాసిన చీటీ ఉంటుంది. అందులో పితామహుడు అంటే తండ్రి తండ్రి, ప్రపితామహుడు ముత్తాత, మాతామహుడు తల్లి తండ్రి. తర్పణాల ఆచారం లేని ఇళ్ళలో పెద్ద పండగకి పెద్దలకు బట్టలు పెడతారు కదా, ఎవరెవరి పేరు చెప్పి పెడుతున్నారో ఆ రోజు పక్కన కూర్చుని వినండి.

పెళ్ళి వీడియోలు ఇంకో నిధి. కన్యాదానం దగ్గర పురోహితుడు రెండువైపులా ప్రవర చెబుతాడు, నప్త, పౌత్ర, పుత్ర అంటూ ముత్తాత నుంచి మొదలుపెట్టి మూడు పేర్లు చదువుతాడు. నప్త అంటే అక్కడ మునిమనవడు. బాజాలు మోగుతుంటాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుమూడుసార్లు వినాలి.

భూమి ఉంటే ప్రభుత్వ మీభూమి సైట్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూడండి, పాత దస్తావేజులు ఉంటే ఇంకా మంచిది. జమీందారీ ఊళ్ళలో 1948 రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే పాత భూమి రికార్డులో ముత్తాతల పేర్లు తండ్రి పేరుతో సహా దొరకవచ్చు.

ఊరు రాసేటప్పుడు కాగితం మీద ఉన్న జిల్లాని ఈనాటి జిల్లా అనుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ వైపు కూడా విశాఖపట్నం జిల్లానే. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో విడిపోయాయి, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. 1945 నాటి కాగితంలో 'విశాఖపట్నం జిల్లా' అని ఉంటే ఆ ఊరు టెక్కలి దగ్గరైనా కావచ్చు.

పుట్టిన ఏడాది తెలియనప్పుడు

పాతవాళ్ళకి తేదీలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "బాంబు పడినప్పుడు నేను అమ్మ చంకలో ఉన్నాను" అంది మా చిన్నమామ్మ, అదే నాయనమ్మ చెల్లెలు. జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. అంటే ఆమె 1940 అటూఇటూ పుట్టింది, తండ్రి అంతకు కాస్త ముందే ఓడెక్కాడు. పోర్టు మొదలైన 1933, జిల్లా విడిపోయిన 1950, ఇవన్నీ ఇలాగే పనికొస్తాయి.

జాతకంలో సంవత్సరం పేరు ఉంటే అది 60 ఏళ్ళకోసారి వస్తుందని గుర్తుపెట్టుకోండి. విక్రమ అంటే 1940-41, మళ్ళీ 2000-01. ఉగాదితో సంవత్సరం మారుతుంది కాబట్టి పుష్య, మాఘ మాసాల్లో పుట్టినవాళ్ళు సాధారణంగా తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలోకి వస్తారు.

ఆఫీసు కాగితాల్లో మాటలు

వంశస్థుడు వేరు, వారసుడు వేరు. భార్య వంశంలో పుట్టలేదు, కానీ వారసురాలు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగవాడి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్ళే కాదు, తల్లి కూడా ఉంటుంది. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి సచివాలయంలో అప్లై చేసేటప్పుడు పెళ్ళయిపోయిన ఆడపిల్లల పేర్లు వదిలేయడం నేను చూశాను. వదలకండి.

ఇంకో జాగ్రత్త. మా నాన్నకి చిన్నాన్న అయ్యే ఆయన్ని ఒక కాగితంలో పినతండ్రి అని రాస్తే, దాన్ని ఇంగ్లీషులో ఎక్కించినవాళ్ళు స్టెప్ ఫాదర్ చేశారు. సరిచేయించడానికి మూడుసార్లు తిరగాల్సి వచ్చింది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఆఫీసులో ఇచ్చే ఏ కాగితంలోనైనా 'తండ్రికి సొంత తమ్ముడు', 'తల్లికి అక్క' అని విడమర్చి రాయండి.

చివరగా ఒక పద్ధతి

తెలిసినవి పెన్నుతో, ఒక్కరే చెప్పినవి పెన్సిల్‌తో రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన వేయండి. ఇద్దరు ఒకే మాట విడివిడిగా చెప్పాకే పెన్నుతో దిద్దండి. వారానికి ఒక్కరిని కలవండి, గంటకి మించి కూర్చోబెట్టకండి, ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగండి. పూర్తయినంతవరకు జిరాక్స్ తీయించి పెద్ద పండగకి ఇంటికొకటి ఇవ్వండి, తప్పులు ఉన్నాయంటూ ఎవరో ఒకరు తప్పకుండా ఫోన్ చేస్తారు. కొత్త పేర్లు అలాగే వస్తాయి.

మా పుస్తకంలో రంగం వెళ్ళిన అప్పన్న భార్య, అంటే మా నాయనమ్మ తల్లి, ఏ ఇంటి ఆడపడుచో ఇంకా తేలలేదు. ఆమె కన్నవారు భీమిలి వైపు అని చిన్నమామ్మ ఒక్కతే చెప్పింది, అందుకే పెన్సిల్‌తో ఉంది. వచ్చే నెల తగరపువలసలో పెళ్ళి ఉంది, రెండువైపుల పాతవాళ్ళూ వస్తారు. పుస్తకం, రెండు పెన్సిళ్ళు బ్యాగులో పెట్టి ఉంచాను.